పోర్టు సరుకు

“ఓడ దిగి పది రోజులైంది సార్. జపాన్ సరుకు. యాభై వేలు కూడా తిరగలేదు.”

ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. లోపల పాత టైర్ల మీద వరసగా కూర్చోబెట్టిన ఇంజిన్లు. పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు అన్నిటికీ వెండి రంగు కొట్టేశారు. నేను వెతుక్కుంటూ వెళ్లింది 4జీ15 అనే ఇంజిన్ కోసం. పాత లాన్సర్ కారుకి ఉండేది అదే. లాన్సర్‌ని మన దేశంలో 1998లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తమిళనాడులోని తిరువళ్లూరులో తయారుచేయడం మొదలెట్టారు. ఆ బండిప్పుడు రావడం లేదు, సామాన్లు దొరకడమూ కష్టమే. నాలాంటి మొండివాళ్లు కొందరు మాత్రం ఇంకా వదల్లేదు.

తప్పు నాదే. అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా రేడియేటర్ గొట్టం పగిలింది. ముల్లు ఎర్రగీత దాటిన సంగతి చూసుకోకుండా గాలికొండ దాకా లాగించేశాను. దాంతో హెడ్ వంకరపోయింది, రింగులు పోయాయి. ఆ తరవాత బండి పెట్రోలుతో పోటీపడి ఆయిల్ తాగడం మొదలెట్టింది. వెనక నీలం పొగ. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క స్కూటర్లవాళ్లు ముక్కు మూసుకునేవారు.

ఇంజిన్ దించి పనిచేయించడమా, ఇంకో ఇంజిన్ ఎక్కించడమా? చుట్టాలూ స్నేహితులూ అందరిదీ ఒకటే మాట. “వైజాగ్‌లో ఉంటూ రిపేరేమిటండీ, పోర్టు సరుకు దొరుకుతుంటే!”

ఈ మాట మన ఊరి నరాల్లో ఉంది. 1933లో పోర్టు తెరుచుకున్న నాటి నుంచీ ఓడ దిగిందంటే మంచిదనే లెక్క. మా చిన్నప్పుడు ఓడ కళాసీ తెచ్చిన టేప్‌రికార్డర్ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పిల్లాడికి వీధిలో ఒక హోదా. సెంటు సీసా ఖాళీ అయినా పారేసేవారు కాదు, చీరల పెట్టెలో పెట్టేవారు. సుంకాలు తగ్గించి అన్ని దేశాల సరుకూ సూపర్ బజారుకి వచ్చేసినా ఆ భక్తి మటుకు పోలేదు. షెడ్డు యజమాని అమ్ముతున్నది ఇనుముతోపాటు ఆ భక్తిని కూడా.

నిజానికి వాడేసిన విదేశీ కారు విశాఖ పోర్టులో దిగనే దిగదు. మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం సెకండ్ హ్యాండ్ కార్లకి ఒక్క ముంబై పోర్టు గేటే తెరిచి ఉంది. అదీ తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇక యంత్ర పరికరాల కోవలోకి రాని పాత వస్తువులేవైనా పరిమిత జాబితాలో ఉంటాయి. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ అనుమతి లేకుండా తేవడానికి లేదు. “ఆ అనుమతి కాగితం ఏదీ?” అని అడిగాను. యజమాని నవ్వాడు. “అవన్నీ ఏజెంట్ల దగ్గరుంటాయి సార్. మనకి చెన్నై పుదుపేట నుంచి లారీలో వస్తాయి.” ఓడ దిగిన పదిరోజుల సరుకు ఒక్క ప్రశ్నకే లారీ దిగింది.

నాతో వచ్చిన మేస్త్రి ఈ మాటలేవీ పట్టించుకోవడం లేదు. ముప్పై ఏళ్లుగా ఇంజిన్లు దించుతున్న మనిషి. చొక్కా జేబులోంచి చిన్న టార్చి తీసి గొంతుక్కూర్చుని బ్లాకు అడుగుభాగం చూస్తున్నాడు. వేలిగోటితో ఒకచోట రంగు గీకాడు. వెండి రంగు కింద పసుప్పచ్చగా మెరిసింది.

“ఇదేటి బాబూ? ఇత్తడి కాదేటి?”

బ్రేజింగ్. పోత ఇనుముకి మామూలు వెల్డింగ్ సరిగా నిలవదు కాబట్టి ఇత్తడి కరిగించి అతికారు. అరచెయ్యంత మేర, సంప్‌కి కాస్త పైన. యజమాని దాన్నీ తేలిగ్గా తీసుకున్నాడు: “రవాణాలో దెబ్బ తగిలుంటుంది.” మేస్త్రి నాకేసి చూసి ఊరుకున్నాడు. ఆ చూపుకి అర్థం దారిలో చెప్పాడు.

దిగుమతైన వస్తువుని పనికి రాకుండా పాడుచేయించి వదలడానికి కస్టమ్స్ చట్టం 24వ సెక్షన్‌లో వీలుంది. తుక్కు అని రాసి తెచ్చింది మళ్లీ యంత్రంగా తిరగకూడదని. గ్యాస్ కట్టర్‌తో ఒక గంటు పెడితే ఇంజిన్ కాస్తా ఇనుమైపోతుంది, సుంకం కూడా ఇనుము లెక్కనే. ఆ గంటుని ఇత్తడితో పూడ్చేస్తే ఇనుము మళ్లీ ఇంజిన్ అవుతుంది. మేం చూసిన అతుకు అలాంటిదేనని రుజువు చేయలేను. లోపల కడ్డీ విరిగి బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చినా అలాగే అతుకుతారు. ఏదైనా గానీ, ఉక్కు కరిగించే ఊళ్లో కొలిమికి పోవలసిన ముద్ద ఒకటి దారితప్పి నా బండి బానెట్ కిందికి రాబోయింది.

ఇక యజమాని చెప్పిన యాభై వేల కిలోమీటర్ల సంగతి. జపాన్‌లో యాభై వేల కిలోమీటర్లకే ఇంజిన్ మార్చెయ్యాలని చట్టం ఉందని ఈ వ్యాపారంలో ఒక పురాణం. అలాంటి చట్టమేదీ లేదు. అక్కడున్నది షాకెన్ అనే తనిఖీ. కొత్త కారుకి మూడేళ్లకి, ఆపైన రెండేళ్లకోసారి. ఖర్చు గట్టిగానే అవుతుంది. పెట్రోలు బండికి పదమూడేళ్లు దాటితే పన్ను కూడా పెరుగుతుంది. అందుకే చాలామంది బండి బాగా నడుస్తుండగానే వదిలించుకుంటారు. పురాణంలో నిజం ఈపాటిదే. కానీ పదమూడేళ్లపాటు ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్ల చొప్పున తిప్పినా లక్షా నాలుగు వేలు. యాభై వేలెక్కడ? పైగా కిలోమీటర్లు లెక్కపెట్టే మీటరు డాష్‌బోర్డులో ఉంటుంది. డాష్‌బోర్డు బండితోపాటే పోయింది. టైరు మీద కూర్చున్న ఇంజిన్ వయసు దానికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

తెలుసుకునే దారి ఒకటుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి తిప్పితే నాలుగు సిలిండర్లూ ఇంచుమించు ఒకే అంకె చూపించాలి. ఒకటి మిగతావాటికంటే నూటికి పది పదిహేను పాళ్లు తగ్గిందంటే అక్కడ రోగం ఉన్నట్టే. ఆ మాటంటే “స్టార్టర్ లేదు సార్, తిప్పడం కుదరదు” అన్నాడు యజమాని. స్టార్టరే కాదు, ప్లగ్గులు కూడా లేవు. నాలుగు కన్నాలూ తెరిచే ఉన్నాయి. మన ఊళ్లో బాల్కనీ గ్రిల్లుకి ఏటా రంగు వేయించాల్సి వస్తుందే, ఆ ఉప్పుగాలే ఎన్ని నెలలుగానో ఆ కన్నాల్లోకి పోతోంది. మేస్త్రి టార్చి కొట్టి చూపించాడు. శుభ్రంగా మెరవాల్సిన సిలిండర్ గోడమీద కావిరంగు తుప్పు.

ఇంకో చిక్కు. నంబరు కలిసినంత మాత్రాన ఇంజిన్ కలవదు. 4జీ15 పేరుతోనే జపాన్‌లో కార్బొరేటర్ రకం ఉంది, ఇంజెక్షన్ రకం ఉంది, పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే రకమూ ఉంది. ఒకదాని వైరింగ్ ఇంకోదానికి పనికిరాదు. ఇంటిపేరు ఒకటేనని సంబంధం ఖాయం చేసుకునే బాపతు కాదిది.

అలాగని జపాన్ ఇంజిన్‌ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. అంబాసిడర్ డీజిల్ బండి రోజులు గుర్తున్నవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. 1489 సీసీ, ముప్పై ఏడు హార్స్‌పవర్. అరకు వెళ్తుంటే ఆరుగురు ఎక్కిన ట్యాక్సీ ఘాట్ మలుపుల దగ్గర నిట్టూర్చేది. అంబాసిడర్‌లో జపాన్ ఇసుజు ఇంజిన్ పడ్డాక దాని నడకే మారింది. 90వ దశకంలో కంపెనీయే ఇసుజు 1800 ఇంజిన్ పెట్టి అమ్మింది. అదీగాక కంపెనీయే చేతులెత్తేసిన అనాథ బండ్లున్నాయి. దేవూ సీలో, ఓపెల్ లాంటివి. బ్లాకే పగిలిపోతే వాటికి ఇంకో దారేముంది? అలాంటివాళ్లు కొనుక్కోవలసిందే. బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించుకుని, ఆ నంబరు బ్లాకు మీదున్న దానితో తామే చదివి సరిచూసుకుని మరీ కొనుక్కోవాలి.

బిల్లు లేకపోతే ఏమవుతుందో ఆర్టీవో ఆఫీసులో తెలుస్తుంది. ఆర్సీలో ఛాసిస్ నంబరు పక్కనే ఇంజిన్ నంబరూ ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆర్సీ రెన్యువల్ చేయించాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తిస్తాడు. దాని ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ఆరొందలు కాస్తా ఐదు వేలైంది. ఇంజిన్ మార్చాల్సిన బండ్లూ, రెన్యువల్‌కి వచ్చే బండ్లూ దాదాపు ఒకటే. నంబరు తేడా వస్తే అది దొంగ ఇంజిన్ కాదని మనమే నిరూపించుకోవాలి. ప్రమాదమై ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడూ ఇదే కథ. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది కూడా.

నాకు అసలు వింతగా తోచేది వేరే ఉంది. 1948లో ‘జలఉష’ ఓడని నీళ్లలోకి దింపిన ఊరిది. షిప్‌యార్డు, డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంటు. వాటిలో అప్రెంటిస్ చేసి బయటికొచ్చి లేత్ పెట్టుకున్నవాళ్లు గాజువాక చుట్టుపక్కల ఎంతమందో. మిల్లీమీటరులో వందో వంతుని వేలిచివర పట్టుకోగల చేతులవి. అలాంటి చేతుల్ని పక్కవీధిలో పెట్టుకుని, ఎవరో ఎక్కడో పారేసిన ఇంజిన్ కోసం షెడ్ల చుట్టూ తిరుగుతున్నాం.

చివరికి నా బండి బ్లాకూ హెడ్డూ తీసుకుని అలాంటి ఒకాయన దగ్గరికే వెళ్లాం. డాక్‌యార్డులో చేసి రిటైరైన మనిషి. హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద నుంచి వెలుతురు చూపించాడు. మధ్యలో సన్నటి చీలిక. “ఇదండీ మీ అరకు ట్రిప్పు” అన్నాడు. హెడ్ ఫేసింగ్ చేశాడు. సిలిండర్ని అర మిల్లీమీటరు పెంచి బోర్ కొట్టాడు. కొత్త పిస్టన్లు దొరకడానికే పదిహేడు రోజులు పట్టింది, అదొక్కటే నరకం. ఆఖర్న హోనింగ్ చేసి లోపల చూడమన్నాడు. గోడ పొడుగునా ఒకదాన్నొకటి కోసుకుంటూ సన్నటి గీతలు, చెక్కమీద ముగ్గులా. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుందట. మొత్తం ఖర్చు షెడ్డు యజమాని చెప్పిన ధర కంటే ఎక్కువే అయింది, దాచను. నా ఇంజిన్ నంబరు మాత్రం నా ఆర్సీలో ఉన్నదే.

వెయ్యి కిలోమీటర్లయ్యేదాకా అరవై దాటొద్దన్నాడు మేస్త్రి. ఆదివారం భీమిలి రోడ్డు మీద వెళ్తుంటే స్కూటీలు కూడా హారన్ కొట్టి దాటిపోతున్నాయి. ఇంకా మూడొందల నలభై మిగిలాయి.

— లంగరయ్య