ఓడల హోరు - చేపల గోడు

జఫర్‌గఢ్: సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో వున్న ఈ ప్రాంత గ్రామాలకు ఓడల చప్పుడుతో పనేమిటన్న ప్రశ్న సహజమే. అయితే అంగడిలో అమ్మే ఎండుచేపలు, ఎండు రొయ్యలు సముద్రపు పంటే. పైగా చెరువులో వల కట్టి, కర్రతో నీటిని బాది చేపలను తోలేవారికి అసలు సంగతి తెలిసిందే. నీటిలో చప్పుడయితే చేప బెదురుతుంది. చెరువులో ఆ చప్పుడు ఒక పూట. ఓడలు తిరిగేచోట రేయింబవళ్లు.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఓడ వెనుక పంఖా వేగంగా తిరిగినప్పుడు బుడగలు పుట్టి పగులుతాయి. ఓడ చప్పుడులో హెచ్చుభాగం ఇదే. ఇంజను అదురు దీనికి తోడు. హైడ్రోఫోన్ అనే నీటి మైకును లోతుకు దించి దీనిని కొలుస్తారు. లెక్క డెసిబెల్‌లలో వస్తుంది. కాగా నీటిలో డెసిబెల్‌కు, గాలిలో డెసిబెల్‌కు ప్రమాణం వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

తిమింగలాలు, డాల్ఫిన్‌లు శబ్దంతోనే దారి, తోడు వెతుక్కుంటాయి. 2001 సెప్టెంబరులో అమెరికాపై దాడుల అనంతరం ఓడల రాకపోకలు తగ్గగా, కెనడా వద్ద ఫండీ అఖాతంలో చప్పుడు 6 డెసిబెల్‌లు తగ్గింది. అక్కడి తిమింగలాలలో ఆందోళనను సూచించే హార్మోను కూడా తగ్గినట్లు 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

తెలుగునాట ఈ విద్య లేకపోలేదు. 1969లో విశాఖపట్నంలో నెలకొల్పిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల యుద్ధనౌకల చప్పుడు తగ్గించే పరిశోధనలు చేస్తోంది. అది శత్రువు చెవిన పడకుండా వుండేందుకే గాని చేపల కోసం కాదు. వర్తక నౌకల విషయంలో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2014లో సూచనలు జారీచేసి, 2023లో సవరించింది. అవి సలహాలే, పాటించి తీరవలసిన నిబంధనలు కావు.

మన తీరంలో చేపలు తగ్గితే నేరమంతా ఓడల చప్పుడుపై మోపడం తొందరపాటే. మితిమీరిన వేట, కాలుష్యం కూడా వున్నాయి. ఏది ఎంత అన్నది తేలాలంటే ముందు కొలవాలి. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల వద్ద ఏళ్ల తరబడి కొలతలు తీసి, వాటిని మత్స్యకారులకు తెలియజేయడం అవసరం. ఓడ వేగం తగ్గిస్తే సాధారణంగా చప్పుడూ తగ్గుతుంది. చప్పుడు తక్కువ చేసే ఓడలకు కెనడాలోని వాంకూవర్ రేవు 2017 నుండి రుసుములో రాయితీ ఇస్తోంది. కొలత లేనిదే రాయితీ ఎవరికివ్వాలో, ఆంక్ష ఎవరిపై పెట్టాలో నిర్ణయించడం సాధ్యం కాదు.