సర్కారు బాకీ - చిన్నవర్తకుని గతి

ధూళిమిట్టవంటి చిన్న యూరిలో దుకాణము నడుపుకొనువాని కొకనాడు బ్యాంకునుండి వర్తమానము వచ్చును: ఖాతా జప్తయినది. సరకు పంపిన షావుకారుకిచ్చిన చెక్కు మరునాడే తిరిగివచ్చును. హేతువేమని విచారింపగా, జి.యస్.టి. బకాయికై యుత్తరువు కొన్నినెలల క్రిందటనే వెలువడినదనియు, అంతకుముందే తాఖీదు పుట్టినదనియు, అవియన్నియు పోర్టలులో భద్రముగా నున్నవనియు చెప్పుదురు. దుకాణదారుడు పోర్టలును ఎన్నడును తెరచి యెరుగడు. నమోదు పత్రములో నున్న ఫోను నంబరు పట్టణమందలి లెక్కల గుమాస్తాది. తాఖీదున్నది ఇంగ్లీషులో. ఇట్టి మాట మన యంగళ్ళలో నేడు తరచుగా వినబడుచున్నది గావున ఈ వారము దానినిగూర్చి నాలుగు మాటలు వ్రాయ నుద్దేశించితిమి.

మా యభిప్రాయమును మొదటనే నిస్సంశయముగా చెప్పెదము. పన్ను చెల్లింపవలసినదే. కొనుగోలుదారునివద్ద పన్ను పేర వసూలుచేసిన సొమ్ము వర్తకుని లాభము గాదు, అది ప్రజలసొత్తు. దానిని మ్రింగిన వానిపక్షమున మేము వాదింపబోము. కాని బాకీయున్నవాడెల్ల దొంగ యనుటయు, వసూలుచేయువాడెల్ల న్యాయమూర్తి యనుటయు సరిగాదు. బాకీదారునకును కొన్ని హక్కులు గలవు. వానిని చట్టమే యిచ్చినది. ఇచ్చిన హక్కు గడువులోపల తెలియకుండుటయే నేటి యనర్థమునకు మూలము.

బలవంతపు వసూలన నేమో ఈ సీమకు పుస్తకములు చదివి నేర్వవలసిన పనిలేదు. నిజాముకాలమున లేవీ ధాన్యమునకై వచ్చినవారు పెద్ద భూస్వాముల గాదెలను విడిచి పేదరైతుల కుండలను వెదకిన సంగతి పెద్దల నోట విన్నవారింకను గలరు. ధూళిమిట్టకు చేరువనున్న బైరానుపల్లి బురుజు, 1948 ఆగస్టు 27వ తేదీన రజాకారుల తుపాకులకు నెదురునిలిచి నేలకొరిగిన గ్రామస్థులకు నేటికిని సాక్షిగా నున్నది. కోస్తాలో చీరాల-పేరాల ప్రజలు మోయలేని పురపాలకసంఘపు పన్నులకు లోబడనొల్లక, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లువాకిళ్ళు విడిచి పాకలలో కాపురముండిరి. ఆ దినములలో పన్ను నిరాకరించుటయే ధర్మమయ్యెను. ఏలయన పన్ను విధించువారిని మనమెన్నుకొనలేదు. నేడు శాసనము మనది, ఖజానా మనది. కావున నేటి ధర్మము నిరాకరణము గాదు, లెక్క యడుగుట, తనమాట వినిపించుట, విననిచో పైవారిని వినుమనుట.

ఇక చట్టపు నడక నించుక విచారింతము. 2017 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఈ చట్టములో అధికారి నేరుగా వచ్చి పెట్టెమీద చేయివేయుటకు సాధారణముగా వీలులేదు. మొదట కారణము చూపుమని తాఖీదు రావలెను. వర్తకుడు కోరినను, అతనికి ప్రతికూలముగా తీర్పుచెప్పదలచినను, ముఖాముఖి విచారణ జరుపవలెను. ఉత్తరువు పుట్టినపిదప చెల్లించుటకు మూడుమాసముల గడువు గలదు. అధికారి కారణములు వ్రాసియుంచిన యరుదైన సందర్భమునందే ఆ గడువును తగ్గింపవచ్చును. ఆ మూడుమాసములలోనే అప్పీలు వేసుకొనవచ్చును. తగిన హేతువు చూపినచో మరియొక మాసమువరకు అప్పీలధికారి మన్నింపగలడు. తానొప్పుకొన్నదానిని పూర్తిగను, వివాదమందున్న పన్నులో పదియవవంతును చెల్లించి అప్పీలు దాఖలుచేసినచో, తక్కిన బాకీ వసూలు దానంతట నదియే నిలిచిపోవును. ఈ మెట్లన్నియు దాటినపిదపనే బ్యాంకుఖాతా జప్తు, సరకు జప్తు, తుదకు భూమిశిస్తు బకాయివలె కలెక్టరుద్వారా వసూలు. రిటర్నులో తానే వ్రాసియిచ్చి చెల్లింపని పన్నునకు మాత్రము ఈ తాఖీదు మర్యాద లేదు. దానిని నేరుగా వసూలుచేయవచ్చును.

కాగితముమీద ఇంత చక్కగా నున్న మార్గమున చిన్నవాడేల జారిపడుచున్నాడు? తాఖీదు పోర్టలునందు చేరిన క్షణమునుండి గడియారము నడచును. చదువవలసినవాడు మాత్రము కొట్టులో మేకులు తూచుచుండును. నాలుగుమాసములు గడచినపిదప ఖాతా జప్తయి మేలుకొనినచో అప్పీలధికారి తలుపు మూసియుండును, హైకోర్టొక్కటే శరణ్యము. పోర్టలునందుంచుట యొక్కటే చాలదనియు, ప్రత్యుత్తరము రానపుడు తపాలావంటి యితర మార్గములను గూడ అవలంబింపవలెననియు మదరాసు హైకోర్టు పలుతీర్పులలో హెచ్చరించినది. మంచిమాట. కాని హైకోర్టుకు పోవు వ్యయము బాకీకంటె మించినపుడు ఆ మంచిమాట వలన చిల్లరవర్తకున కొరుగునదేమి?

రెండవ చిక్కు అరువు బేరము. మన పల్లెలలో వ్యాపారము పంటమీద నడచును. ఇనుపతలుపులు చేయు కొట్టువాడు లక్షరూపాయల పనికి బిల్లు వ్రాసినచో పదునెనిమిదివేలు పన్ను. ఇనుము కొన్నపుడు తాను కట్టిన పన్ను పదివేలు తగ్గినను, ఇంక నెనిమిదివేలు ఖజానాకు చెల్లవలెను. రైతు డబ్బిచ్చునది వడ్లమ్మిన పిదప; పన్ను గడువు వచ్చునది బిల్లు తేదీనిబట్టి. చేతిలో సొమ్ము లేక రిటర్ను వేయడు. సొమ్ము కట్టనిదే రిటర్నును పోర్టలు స్వీకరింపదు. ఆలస్యపు రుసుము దినదినము పెరుగును. పన్నుపై నూటికి పదునెనిమిది వడ్డీ సాగును. రిటర్ను లేనందున అధికారి తనకు తోచిన యంచనాతో పన్ను కట్టును. అట్టి యుత్తరువు వచ్చిన యరువది దినములలో రిటర్ను దాఖలుచేసినచో అది రద్దగునను సంగతి ఎందరికి తెలియును? మూడవ చిక్కు ఇంకను విపరీతము. సరకమ్మిన పెద్దవర్తకుడు తన రిటర్ను వేయకున్నచో, వానికి పన్నుతోసహా డబ్బు చెల్లించిన చిన్నవానికి జమ దక్కదు. ఒకరు చేసిన తప్పునకు మరియొకరు దండుగ కట్టుటన్నమాట.

వాయిదాల విషయమున చట్టపు వైఖరి మరింత యాశ్చర్యకరము. బాకీని ఇరువదినాలుగు నెలసరి కిస్తీలవరకు వడ్డీతో చెల్లించుటకు అనుమతి కోరవచ్చును. ఒక కిస్తీ తప్పినచో తక్కినదంతయు నొక్కసారి కట్టవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఇరువదియైదువేల రూపాయలకు లోబడిన బాకీకి ఈ సదుపాయము లేదు. రిటర్నులో తానే నిజాయితీగా వ్రాసియిచ్చిన పన్నునకును లేదు. లక్షల బాకీదారు కిస్తీలలో తీర్చుకొనును. ఇరువదివేల బాకీదారు ఒక్కమారుగా తేవలెను. లెక్క దాచి పట్టుబడినవానికి వాయిదాలు; లెక్క చూపినవానికి జప్తు. దీనిని వ్రాసినవారు చెడుతలంపుతో వ్రాసిరని మేమనము. ఇరువదివేలు సమకూర్చుట యన నెట్టిదో వారెరుగరని మాత్రము చెప్పగలము.

ఖజానాకు బాకీపడినవాని ఖాతా జప్తగునుగదా, ఖజానాయే బాకీపడినచో? ఊరిపనులు చేసి బిల్లులకై తిరుగుచున్న చిన్న గుత్తేదారులు మన గ్రామములలో నున్నారు. 2024 ఆరంభమున పదవీకాలము ముగిసిన సర్పంచులు తాము చేయించిన పనుల బిల్లులకై వీధులకెక్కుట లోకవిదితమే. ఇతరశాఖ వర్తకున కీయవలసిన సొమ్మునుండి పన్నుబకాయిని పట్టుకొనుటకు అధికారికి చట్టము వీలిచ్చినది. నాకు మీరీయవలసినదానిలో మినహాయించుకొనుడని గుత్తేదారు కోరుటకుమాత్రము హక్కు లేదు. త్రాసు కొక తట్టయే యున్నచో తూకమెట్లు కుదురును?

మరియొక ముచ్చట. 2019 ఏప్రిలునుండి సరకుల వర్తకులకు పెక్కు రాష్ట్రములలో నమోదు పరిమితి సాలునకు ఇరువదిలక్షల నుండి నలువదిలక్షలకు పెరిగినది. ఆంధ్రప్రదేశము ఆ సదుపాయమును గైకొన్నది. ఆ ప్రకటనలో తెలంగాణమును మినహాయించిరి. ఇచ్చట ఇరువదిలక్షలే నిలిచినది. ఖజానా నష్టపడునని తలచియుండవచ్చును. కాని అంత చిన్న దుకాణములనుండి వచ్చు పన్నెంత, దానికై పుట్టు తాఖీదులెన్ని, తిరుగు తిరుగుడెంత యను లెక్కనుగూడ ప్రభుత్వము తీయవలసియున్నది. 2025 జూలైలో కర్ణాటకమున యు.పి.ఐ. జమలనుబట్టి చిల్లరవర్తకులకు వేలకొలది తాఖీదులు పోగా, వారు ఫోనుద్వారా డబ్బు పుచ్చుకొనుట మాని నగదే యిమ్మని కోరసాగిరి. పాలు, కూరగాయలవంటి పన్నులేని సరకులమ్మువారికిని తాఖీదులు వచ్చినవి. తుదకు ప్రభుత్వము వెనుకకు తగ్గవలసివచ్చెను. భయమువలన పన్ను పెరుగదు, నమోదే తరుగును.

సర్కారువారు మేలేమియు చేయలేదనుటయు ధర్మము గాదు. 2024 నాటి శాసనమువలన 2017-18 మొదలు మూడు సంవత్సరముల బకాయిలకు, మోసము లేనిచోట, అసలు పన్నును 2025 మార్చి 31లోగా కట్టినవారికి వడ్డీయు జరిమానాయు మాఫీ యయ్యెను. ఆ కబురు సకాలమున చేరినవారు బాగుపడిరి. చేరనివారి సంగతి యెవరు వ్రాసిరి? చట్టము పుట్టిన యెనిమిదేండ్లకుగాని, 2025 సెప్టెంబరునకుగాని, దానికి సంబంధించిన ట్రిబ్యునలు ప్రారంభము కాలేదు. వర్తకుడు ఎనిమిది దినములాలస్యము చేసినచో రుసుము; సర్కారు ఎనిమిదేండ్లు చేసినచో ప్రారంభోత్సవము!

మన వర్తకసోదరులకు హితవుగా కొన్ని మాటలు. నమోదులోని ఫోను నంబరు మీదియే యుండవలెను. వారమున కొకసారి పోర్టలునందు నోటీసుల పుటతోబాటు అదనపు నోటీసుల పుటనుగూడ తెరపించి చూచుకొనుడు. నకిలీ తాఖీదులు పంపు మోసగాండ్రు బయలుదేరినారు. కాగితముపై నుండు సంఖ్యను సరిచూడనిదే యెవ్వరికిని పైక మీయకుడు. పన్ను సొమ్ము వేరొక ఖాతాలో నుంచుడు. నిజమైన బాకీయని తేలినచో తాఖీదుకు ముందే వడ్డీతో కట్టినచో, మోసము లేనిచోట, జరిమానా తప్పును. తాఖీదు వచ్చినచో ఒక్కపుటయైనను ప్రత్యుత్తరము వ్రాసి, ముఖాముఖి విచారణ కోరుడు. మౌనము వర్తకున కెన్నడును రక్షణ కాలేదు.

ప్రభుత్వమును మేము కోరునవి అయిదు. తాఖీదు తెలుగులో నుండవలెను. జప్తుకుముందు తపాలాలో నింటికి చేరవలెను. ఇరువదియైదువేలకు లోబడిన బాకీకిని, ఒప్పుకొన్న బాకీకిని వాయిదాలీయవలెను. నమోదు పరిమితిలో తెలంగాణము పొరుగురాష్ట్రముతో సమానము కావలెను. మండలకేంద్రమున నెలకొకనాడు పన్నుశాఖ యుద్యోగి కూర్చుండి వర్తకుని లెక్క తెలుగులో విని జవాబు చెప్పవలెను. వీనిలో నేదియు ఖజానాను దివాలా తీయించునది గాదు.

మద్దూరునుండి వేరుపడి ధూళిమిట్ట మండలమైనది. పాలనము ప్రజల చెంతకు వచ్చుటకే చిన్న మండలములని యప్పుడు చెప్పిరి. వసూలు ముందే వచ్చి చేరినది. విచారణయు, న్యాయమును గూడ అంత దూరము నడచిరావలెనని మా మనవి.