బడి గోడ మీద పండుగ

డిసెంబరు వచ్చేసరికి అమెరికా ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి గది ఎలా మారిపోతుందో అక్కడ పిల్లల్ని చదివించే తెలుగు తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. కిటికీ అంచున దూదితో చేసిన మంచు, తలుపుకు పచ్చటి ఆకుల దండ, మూలన అట్ట కత్తిరించి నిలబెట్టిన చెట్టు. కూడికల కాగితం మీద లెక్కపెట్టాల్సినవి కూడా శాంటా సంచిలోని బొమ్మలే. ఇదంతా మతం కాదా అని అడిగితే టీచరు నిజంగానే ఆశ్చర్యపోతుంది. ఆవిడకు అది చలికాలపు సంబరం. పుట్టినప్పటి నుంచీ కళ్లముందున్న దాంట్లో మతం ఆనకపోవడం సహజమే. అదే గదిలో కూర్చున్న ముస్లిం పిల్లకు, ఏ దేవుడూ లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి మాత్రం ఆనుతుంది. ఈ పండుగ తమది కాదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అమెరికా కోర్టులు ఈ చిక్కుముడిని నలభై ఏళ్లకు పైగా విప్పుతూనే ఉన్నాయి. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ నగరపాలక సంఘం ఏటా క్రిస్మస్ ప్రదర్శనలో పశువుల పాక, బాలయేసు బొమ్మలు పెట్టేది. పక్కనే శాంటా ఇల్లు, బండి లాగే రెయిన్‌డీర్లు. 1984లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది తప్పు కాదంది. 1989లో పిట్స్‌బర్గ్ కేసులో తీర్పు రెండుగా చీలింది. కౌంటీ కోర్టు భవనం మెట్ల మీద ఒంటరిగా పెట్టిన బాలయేసు దృశ్యం రాజ్యాంగ విరుద్ధమట. మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన నిలబెట్టిన 18 అడుగుల యూదుల దీపస్తంభం మాత్రం సమ్మతమట. పక్కన ఏముందో చూసి మతమో కాదో తేల్చే ఈ పద్ధతికి లాయర్లలో రెయిన్‌డీర్ సూత్రమన్న పేరే పడిపోయింది.

ఇక్కడ నేను భక్తుడి పక్షానే నిలబడతాను. తాను దేవుడని నమ్మే బిడ్డ బొమ్మను ప్లాస్టిక్ జింకల మధ్య పెట్టి, ఇప్పుడు ఇందులో మతం లేదు పొమ్మంటే ఆ భక్తుడికి అవమానమే. పాటకెట్ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి బ్లాక్‌మన్ ఈ సంగతే ఎత్తిచూపారు. ఊరు గెలిచిందిగానీ దాని పవిత్ర చిహ్నం అర్థం పోగొట్టుకుని వ్యాపారానికి పనికొచ్చే అలంకారంగా మిగిలిందన్నది ఆయన బాధ. విశ్వాసికీ అన్యాయం, అవిశ్వాసికీ అన్యాయం చేసే సూత్రం ఎవరికి మేలు చేస్తున్నట్టు?

చెట్టు సంగతి వేరు, దానికి క్రైస్తవంతో పని లేదనే వాళ్లున్నారు. చరిత్ర కొంతవరకు వాళ్ల వైపే ఉంది. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లనే కఠిన నియమాల క్రైస్తవులు బైబిల్లో లేని పండుగ అని క్రిస్మస్‌నే నిషేధించి, 1659లో చేసుకున్నవాళ్లకు అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681 దాకా ఆ చట్టం ఉంది. చెట్టును అలంకరించే అలవాటు ఆ తర్వాతెప్పుడో జర్మన్ వలసదారులతో వచ్చింది. అయితే ఒక ఆచారం ఎక్కడ పుట్టిందన్నది వేరు, ఇవాళ అది ఏం చెబుతోందన్నది వేరు. ఈ చెట్టు డిసెంబరులోనే ఎందుకు పెడతారని పిల్లవాడు అడిగితే దొరికే జవాబు ఒక్కటే. రంజాన్ నెలలో ఆ గది ఎప్పటిలాగే ఉంటుంది.

న్యూయార్క్ నగర బడుల్లో క్రిస్మస్ చెట్టు, యూదుల దీపస్తంభం, నక్షత్రం-నెలవంక పెట్టుకోవచ్చు. బాలయేసు దృశ్యం కుదరదు. ఒక క్యాథలిక్ తల్లి కోర్టుకెక్కింది. 2006లో అప్పీలు కోర్టు 2-1 తేడాతో ఆమె వాదన తోసిపుచ్చింది. ఆ విధానం మతాన్ని సమర్థిస్తోందా లేదా అని చూడ్డానికి కోర్టు ఊహించుకున్న పరిశీలకుడు పెద్దవాడు. విధానం చదివినవాడు, దాని పూర్వాపరాలు తెలిసినవాడు, చూసేది పసిపిల్లలన్న ఎరుక ఉన్నవాడు. ఆరేళ్ల పిల్ల విధానాలు చదవదు. బడి గోడ మీద ఉన్నదేదైనా టీచరు చెప్పిన మాటగానే తీసుకుంటుంది.

మన దీపావళి కూడా ఈ వరసలోకి వచ్చింది. 2023లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసి నగర బడులకు ఆ రోజు సెలవిచ్చింది. సెలవు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ తరగతి గోడ మీద లక్ష్మీదేవి బొమ్మ పెట్టించి, అది మా సంస్కృతేగాని మతం కాదని మనవాళ్లు వాదిస్తే, ఆ టీచరు చెట్టు గురించి చెప్పిన మాటనే మనమూ చెబుతున్నాం. మన దేశంలోనూ అంతే. తెలంగాణలో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో ప్రభుత్వ బడుల్లోనే సామూహిక అక్షరాభ్యాసాలు జరుగుతాయి. సరస్వతి పటం, పసుపు బియ్యం, పలక మీద బిడ్డ వేలు పట్టి దిద్దించడం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఇది బోధ కాదు, మన ఆనవాయితీ అంటారు. ఆ వరసలో కూర్చున్న క్రైస్తవ తల్లిని అడిగి చూశారా?

ఆనవాయితీ అన్న మాట ఎంతదూరం పోతుందో అమెరికాలో ఇప్పుడు కనిపిస్తోంది. 2022లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం మతాన్ని సమర్థిస్తోందా అన్న పాత కొలబద్దను పక్కనపెట్టి, చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడమంది. 2024లో లూసియానా ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం చేసింది. అవి దేశ చరిత్రకు పునాది అన్నదే సమర్థన. ఇంతకుముందు కెంటకీ ఇలాంటి చట్టమే చేస్తే 1980లో ఇదే సుప్రీంకోర్టు కొట్టేసింది.

బడిలో మతం మాటే ఎత్తొద్దని నేననడం లేదు. 1963లోనే అమెరికా సుప్రీంకోర్టు, బడిలో ప్రార్థనగా బైబిలు చదివించడం తప్పంటూనే, మతాల గురించి చదువుగా చెప్పుకోవచ్చని స్పష్టం చేసింది. అలా చెప్పాల్సింది చాలా ఉంది. ఉత్తరార్ధగోళంలో పగలు బాగా తగ్గిపోయే రోజుల్లో ఇన్ని జాతులు దీపాలెందుకు వెలిగించాయో చెప్పొచ్చు. మన సంక్రాంతినే తీసుకోండి. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని చేసుకునేది జనవరి 14, 15న. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల, నక్షత్రాల లెక్కన నడిచే మన పంచాంగం రుతువులతో పోలిస్తే సుమారు 71 ఏళ్లకు ఒకరోజు చొప్పున వెనకబడుతూ వచ్చింది. 24 రోజుల తేడా అంటే దాదాపు 1,700 ఏళ్లు. అప్పట్లో ఆ రెండూ ఒకే రోజున పడేవి. ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలు నల్లబల్ల మీద వేయగలరు.