విశ్వాసానికి నిత్యాభ్యాసమే ఆహారం

మా మనోహరాబాద్ నుండి మెదక్ పట్టణానికి వెళ్ళేవారికి అల్లంత దూరాన కనబడేది చర్చి గోపురం. దాదాపు 175 అడుగుల ఎత్తు. శివాలయంలో అభిషేకాలు చేసుకునే బ్రాహ్మణుడు చర్చి ప్రస్తావన తెచ్చాడేమిటని మీకు తోచవచ్చును. చెప్పదలచినది మన భక్తిని గురించే.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ సీమ కరవుతో అల్లాడింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ఆరంభించిన ఈ నిర్మాణం ఆ ఆకలి రోజులలో పనిచేసినవారికి కూడు పెట్టింది. 1924 డిసెంబరు 25న ఆలయప్రతిష్ఠ జరిగింది. 2024తో నూరేళ్ళు నిండాయి. ఆ అన్నం వెనుక మతవ్యాప్తి లేదా అనే వాదం నేనెరుగనిది కాదు. అది వేరే చర్చ.

నాకు పరిచయమున్న ఒక క్రైస్తవ ఉపాధ్యాయుడు, పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, ఒక సాయంత్రం మా గుడి అరుగు మీద కూర్చుని, "అయ్యగారూ, మంత్రం చదివేటప్పుడు దేవుడు వింటున్నాడని మీకు నిజంగా అనిపిస్తదా?" అని అడిగారు. ఆయనకు కొంతకాలంగా ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదట. దేవుని మీద ప్రేమ తగ్గిపోయిందేమోనని భయం పట్టుకున్నదట.

నేను జవాబు చెప్పలేకపోయాను. నోరు నమకం పఠిస్తూనే ఉండగా మనసు బస్సు వేళల మీద, రావలసిన సంభావన మీద తిరిగి, ఏ అనువాకంలో ఉన్నానో తెలియక ఉలిక్కిపడిన రోజులు నాకున్నాయి. పదకొండు అనువాకాలూ కంఠస్థమై ఉండడమే అందుకు కారణం. కంఠానికి వచ్చినది హృదయానికి వచ్చినట్లు కాదు గదా!

"మరి ప్రార్థన మానేశారా?" అన్నాను. "మానలేదు. పొద్దున్నే మోకరిస్తున్న. ప్రేమ కలిగినప్పుడే మొక్కుదామంటే మొక్కుడే మిగలదు" అన్నారాయన.

ఆ మాట వినగానే గీతలోని పన్నెండవ అధ్యాయం స్ఫురించింది. మనసు నాయందే నిలుపుమన్న భగవానుడు, అది చేతకాకుంటే అభ్యాసం చేయుమన్నాడు, అదీ సాధ్యం కాకుంటే నా కొరకు కర్మ చేయుమన్నాడు, చివరకు ఫలత్యాగం చాలునన్నాడు. మెట్టు దిగినకొద్దీ చేయి చాచాడే గాని, నీవు అనర్హుడవని ఎక్కడా త్రోసివేయలేదు. ఏడవ అధ్యాయంలో ఆర్తుడినీ, అర్థార్థినీ కూడా సుకృతులలోనే లెక్కించాడు. ప్రేమ పండాకనే పూజకు రమ్మని శాస్త్రం అనలేదు. ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణం మొదటిది, ఆత్మనివేదనం చివరిది. ఆ వరుస ఊరకే పెట్టినది కాదు.

గృహస్థులతో ఒక మాట నిర్మొహమాటంగా అనవలసి ఉంది. "పిల్లలు మన ధర్మంలో నిలుస్తారో లేదో, వేరే మతంలో కలిసిపోతారేమో" అని నా దగ్గర వాపోయేవారు ఎందరో. వారి ఇళ్ళలో దీపం వెలిగించేది ముసలి అవ్వ ఒక్కతే. సత్యనారాయణ వ్రతంనాడు నేను కథ చదువుతుంటే యజమాని చేతిలో ఫోను. గోత్రనామాలు వాట్సాప్‌లో పంపి, ప్రసాదం కొరియర్‌లో తెప్పించుకునే కాలమిది. దూరదేశాలలో ఉన్నవారికి అది తప్పదు, నేను తప్పుపట్టను. పక్క వీధిలో ఉన్నవారికీ అదే అలవాటైతేనే బాధ. తండ్రి ఒక్కనాడైనా దేవుని ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోగా చూడని పిల్లవాడికి విశ్వాసం ఎక్కడ నుండి వస్తుంది? పొరుగువారి గోపురాన్ని నిందించినంత మాత్రాన మన గూట్లో ప్రమిద వెలగదు.

ఆ ఉపాధ్యాయుడిని నా మతంలోకి రమ్మని నేననలేదు, ఆయనా నన్ను పిలవలేదు. ఆ కార్తికం నుండి నేనొక మార్పు చేసుకున్నాను. తెల్లవారుజామున గర్భాలయం తాళం తీసిన వెంటనే మంత్రం మొదలుపెట్టను. చీకటిలో కాసేపు ఊరకే నిలబడతాను. ఒక్కోనాడు అప్పుడూ మనసు బస్సు మీదకే పోతుంది. మొన్న ఆయన అరుగు దగ్గర ఆగి, "ఎట్లున్నది అయ్యగారూ?" అన్నారు. "నిలబడుతున్నాను" అన్నాను. ఆయన నవ్వి, చేతికర్ర తీసుకుని, ఆదివారపు ఆరాధనకు వెళ్ళిపోయారు.