‘వస్తనన్నడు’కి ఇంగ్లీషేంటి?

‘మై బ్రదర్ టోల్డ్ ఐ విల్ కమ్.’

మెదక్‌లో డిగ్రీ చదివిన అమ్మాయి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి ఈ మాట అన్నదనుకోండి. ఎదురుగా కూర్చున్నాయనకు ఏం అర్థమవుతుంది? వచ్చేది ఆ అమ్మాయే అని! ఆమె చెప్పింది తమ్ముడి సంగతి. గ్రామర్ రాదని అక్కడే ఓ మార్కు ఎగిరిపోతుంది.

నిజానికి ఆమె గ్రామర్‌ని పక్కాగానే పాటించింది. కాకపోతే అది తెలుగు గ్రామర్. ‘మా తమ్ముడు వస్తనన్నడు’ అంటాం కదా, అందులో ‘వస్త’ అన్నది తమ్ముడి నోటి మాట. దాన్ని ఉన్నదున్నట్టు వాక్యంలో పెట్టేసి, చివర ‘అన్నడు’ తగిలిస్తాం. ఇంగ్లీషులో ఆ ‘ఐ’ కాస్తా ‘హీ’ అయిపోవాలి: ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’.

తప్పుల్ని ఇలా చదవొచ్చని 1967లో పిట్ కోర్డర్ అనే భాషావేత్త ఒక వ్యాసం రాశాడు. నోరుజారి ఒకసారి వచ్చేది వేరు, ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చేది వేరు అన్నాడు. రెండోది నేర్చుకునేవాళ్ల బుర్రలో ఏ రూలు నడుస్తోందో బయటపెడుతుంది. ఐదేళ్ల తర్వాత లారీ సెలింకర్ అనే ఇంకొకాయన ఈ మధ్యదారి భాషకి ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు. అటు తెలుగూ కాదు, ఇటు పూర్తి ఇంగ్లీషూ కాదు. అయినా దానికీ రూల్స్ ఉంటాయి.

‘మై నేటివ్ ప్లేస్ రామాయంపేట’ అనేస్తాం. ‘మా ఊరు రామాయంపేట’లో ‘ఈజ్’ లాంటి మాటే లేదు మరి. ‘అవర్ సర్ ఆర్ కమింగ్’ అంటే అది మర్యాద. ‘సారు వస్తున్నరు’లోని బహువచనం అటు వెళ్లింది. ‘వోన్లీ’, ‘యెగ్’ అనడం కూడా అంతే, మనం ఒకటిని ‘వొకటి’ అని, ఎక్కడను ‘యెక్కడ’ అని పలుకుతాం కాబట్టి.

అన్నీ తెలుగు మీదికే నెట్టలేం. ‘షీ కమ్డ్’ అని ఇంగ్లీషు వాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలూ అంటారు. ఒక రూలు దొరికింది, అన్నిచోట్లా వాడేస్తున్నారు. ‘ఐ యామ్ నోయింగ్’ కూడా ఆ బాపతే. తెలుగులో ‘నాకు తెలుసు’ అంటామే కానీ ‘తెలుస్తున్నాను’ అనం కదా!

నా లెక్కలో అసలు ప్రమాదం ‘యెస్’తో. ‘డిడ్‌న్ట్ యూ గెట్ అవర్ మెయిల్?’ అని హెచ్‌ఆర్ అడుగుతుంది. మెయిల్ రాలేదు. మన బుర్రలో ‘రాలేదా?’, ‘అవును, రాలేదు’ అని నడుస్తుంది. నోట్లోంచి ‘యెస్’ వస్తుంది. ఆమె చెవికి అది ‘వచ్చింది’. వచ్చినా జవాబివ్వలేదని రాసుకుంటుంది. ఇక్కడ వాక్యంలో తప్పు కనబడదు, అందుకే ఎవరూ దిద్దరు. జపాన్ వాళ్లకూ ఇదే తిప్పలు, వాళ్ల ‘హాయ్’ కూడా మన ‘అవును’ లాంటిదే. ఒంటి ‘యెస్’ మానేసి ‘నో, ఐ డిడ్‌న్ట్’ అని మొత్తం అనడం అలవాటు చేసుకోండి.

2022-23 నుంచి మన సర్కారు బళ్లలోనూ ఇంగ్లీషు మీడియం మొదలైంది. పిల్లలు ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. ‘ఇది తప్పు’ అని ఊరుకునే టీచర్ కన్నా, ‘దీన్ని తెలుగులో ఎట్లా అంటవ్ బిడ్డా?’ అని అడిగే టీచర్ వాళ్లకి ఎక్కువ అవసరం.

మీకు ఫోన్ ఉంది కదా. ఇవాళ ఏం చేశారో రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి రికార్డ్ చేయండి. విని, దిద్దకుండా అన్నది అన్నట్టే టైప్ చేయండి (దిద్దాలని చేతులు దురద పెడతాయి, ఆగండి). ఒకసారే వచ్చిన తప్పుని వదిలేయండి. మూడుసార్లు వచ్చిందా, దాని పక్కన మీ ఇంట్లో మాట్లాడే తెలుగు వాక్యం రాయండి. చాలాసార్లు కారణం అక్కడే కనిపిస్తుంది. వారానికి ఒక్కటే పట్టుకోండి, అదీ అర్థం మారిపోయేవి ముందు. ‘వోన్లీ’ సంగతి తర్వాత చూడొచ్చు, దానివల్ల ఎవరికీ అర్థం కాకుండా పోదు. ఇక ‘ఎ’, ‘ద’ల జోలికి అన్నిటికన్నా చివర్లో వెళ్లండి. తెలుగులో అవి అసలే లేవు, కాబట్టి చాలా టైమ్ తింటాయి.