బిళ్ళ వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా?



ఈ మధ్య మన ప్రార్థన మనవుల్లో షుగర్ అనే మాట వినబడని వారం లేదు. మన దేశంలో పది కోట్లమందికి పైగా ఈ వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తెలియజేసింది. కొత్తగా షుగర్ బయటపడిన వారు ప్రార్థన అయ్యాక మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ప్రార్థన చేశారు కదా, ఇక బిళ్ళ మానెయ్యొచ్చా?"

మానవద్దు. ఈ మాట మేము విశ్వాసం లేక చెప్పడం లేదు. వాక్యాన్ని బట్టే చెబుతున్నాము.

మరణకరమైన రోగంలో ఉన్న హిజ్కియా ప్రార్థనను దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పౌలుతో కూడా తిరిగిన లూకా వైద్యుడే. యేసు ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్ళి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు. ఆ రోజుల్లో చూసి నిర్ధారించవలసినవాడు యాజకుడు. అలాగే మన షుగర్ తగ్గిందో లేదో పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి, బిళ్ళ తగ్గించడమైనా ఆపడమైనా ఆయనే చెయ్యాలి. పరీక్ష లేకుండా "నాకు స్వస్థత వచ్చింది, మందు మానేశాను" అని చెప్పే సాక్ష్యాన్ని సంఘం ప్రోత్సహించకూడదు. అది విని మరొకరు ఇన్సులిన్ ఆపేస్తే? ఇన్సులిన్ లేకుండా బ్రతకలేని రకం షుగర్ ఉన్నవారికి కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు అలాంటి పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కాదు. అది కూడా దేవుని కృపే అని మేము నమ్ముతున్నాము.

షుగర్ రావడం శాపమా, పాప ఫలితమా అని కుమిలిపోయేవారున్నారు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా అదే. ప్రభువు ఆ ఆలోచననే త్రోసివేశాడు. కాబట్టి సిగ్గుపడి దాచుకోవద్దు.

నయమాను సంగతి గుర్తుచేసుకోండి. యొర్దానులో ఏడుసార్లు మునగమంటే ఆయనకు కోపం వచ్చింది, ఏదో గొప్ప కార్యం జరుగుతుందనుకున్నాడు. అప్పుడు ఆయన దాసులు దగ్గరకు వచ్చి నెమ్మదిగా నచ్చజెప్పారు. కొత్తగా షుగర్ వచ్చినవారికి కావలసింది అలాంటి దాసులే. బిళ్ళలు చేతికిచ్చి పంపితే చాలదు, ఎందుకో ఎలాగో చెప్పేవారు ఉండాలి. చెయ్యవలసినవి చిన్న పనులే, కానీ ప్రతిరోజూ చెయ్యాలి.

పరగడుపున చేసే రక్తపరీక్షలో డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆ పైన వస్తే షుగర్ ఉన్నట్టు. సాధారణంగా రెండోసారి కూడా పరీక్షించి నిర్ధారిస్తారు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష సుమారు మూడు నెలల సగటు చెబుతుంది. ఒంట్లో బాగానే ఉందని మందు మానకూడదు, ఎందుకంటే షుగర్ పెరిగినా చాలాకాలం ఏమీ తెలియదు. ఈలోగా కళ్ళు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతింటాయి. ఏడాదికొకసారి కంటి పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి, పొలానికి వట్టి కాళ్ళతో వెళ్ళకూడదు. కంచంలో అన్నం తగ్గించి కూర పెంచాలి. రాగి సంకటి, చపాతీ ఎంతైనా తినొచ్చనుకోవడం పొరపాటు, అవి కూడా షుగర్ పెంచేవే. కాకరకాయ రసం బిళ్ళకు బదులు కాదు.

ఉపవాస ప్రార్థన గురించి కూడా చెప్పాలి. ఇన్సులిన్, కొన్నిరకాల బిళ్ళలు వాడేవారు తినకుండా ఉంటే షుగర్ మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించాలి, పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఇలాంటివారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. భోజనం చేసి వచ్చి ప్రార్థనలో కూర్చోండి. దేవుడు మీ కడుపును కాదు, హృదయాన్ని చూస్తాడు.

కాపరులకూ సంఘ పెద్దలకూ మా మనవి ఇది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారినో ఏఎన్‌ఎంనో పిలిచి ఒక గంట మాట్లాడించండి. షుగర్ ఉన్నవారితోపాటు ఇంట్లో వంట చేసేవారిని కూడా కూర్చోబెట్టండి, కంచంలో ఏం పడుతుందో వారి చేతిలోనే ఉంది. ప్రేమ విందులో పాయసంతోపాటు కూరలు కూడా దండిగా వడ్డించండి. గ్రూపు మీటింగులో ప్రార్థన మనవి చదివేటప్పుడు, మందు వేసుకుంటున్నారా అని ప్రేమతో అడగండి.

మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని బోధించే మనము ఆ ఆలయాన్ని కాపాడుకోవడం కూడా నేర్పాలి. మోకాళ్ళమీద ప్రార్థించి, లేచి బిళ్ళ వేసుకుందాము. ప్రభువు మీకు ఆరోగ్యమును, నేర్చుకొనే మనస్సును అనుగ్రహించును గాక. ఆమేన్.