మనోవ్యాధికి మందొక్కటే చాలునా?

పుదుచ్చేరిలోని మూలకుళమునందు విల్లియనూరు రహదారి ప్రక్కన నిలుచుండి నలుదిక్కులు కలయజూచినచో, మనస్సు చెదరిన మనిషిని వెంటబెట్టుకొని ఒక కుటుంబము తిరుగగల త్రోవలన్నియు ఇంచుమించు అరగంట ప్రయాణములోపలనే ఉన్నవని బోధపడును. ఉత్తరమున గోరిమేడు మీద, 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాలకు వారసత్వముగా పెరిగి 2008లో జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయైన జిప్మరు ఉన్నది. అందు మనోవైద్య విభాగమును గలదు, యోగచికిత్సా కేంద్రమును గలదు. తూర్పున కడలి యొడ్డున, మానవుని దేహము, ప్రాణము, మనస్సు, అంతరాత్మ అను అంతస్తుల సంపుటిగా దర్శించిన శ్రీ అరవిందుల ఆశ్రమమున్నది. పడమట విల్లియనూరులో తిరుక్కామేశ్వరుని కోవెలయు, దానికి అనతిదూరమున లూర్దుమాత దేవళమును ఉన్నవి. ఇన్నియు ఉండియు, వీనిలో ఒక త్రోవను బట్టి నడచుచున్నవానికి రెండవ త్రోవ జాడ చెప్పువారు లేరు. ఒకచోట ఇచ్చిన చీటీ మఱియొకచోట చెల్లదు. ఒకరు అడిగిన ప్రశ్న రెండవవారికి తెలియదు. అన్నిటిని కలుపవలసిన దారము కడకు రోగి తల్లి చేతికో, భార్య చేతికో వచ్చును. ఆమె అప్పటికే అలసియుండును.

“మనోవ్యాధికి మందు లేదు” అను సామెత తెలుగు ఇండ్లలో ఎంత కాలమునుండి ఉన్నదో గాని, అది చేసిన మేలుకంటె కీడే ఎక్కువయని నా నమ్మకము. మందు లేదనుకొన్న జబ్బునకు వైద్యుని వెదకువారెవరు? వెదకినను ఆ గడప తొక్కుటకు సిగ్గు అడ్డుపడును; ఏలనన విశాఖపట్టణమున ‘చినవాల్తేరు’, హైదరాబాదున ‘ఎర్రగడ్డ’ అను ఊళ్ళ పేళ్ళు, అచ్చటి ఆసుపత్రుల మూలమున, మన నోట పరిహాసపు మాటలైనవి. రోగము వచ్చినవానిని ఊరి పేరుతో వెక్కిరించు అలవాటు మఱి ఏ వ్యాధి విషయమునను మనకు లేదు.

ఈ సామెతకు ఇరువదవ శతాబ్దము ఇచ్చిన ప్రత్యుత్తరము ‘మందు ఉన్నది’ అనునది. 1952లో పారిసునందు క్లోర్‌ప్రోమజైను అను ఔషధమును మనోరోగులకు వాడనారంభించిన నాటినుండి, జీవితాంతము నాలుగు గోడల నడుమ మగ్గవలసిన వేలకొలది జనులు ఇండ్లకు మరలి రాగలిగిరి. ఆ ఉపకారమును తక్కువ చేయుట కృతఘ్నత. కాని ఆ ప్రత్యుత్తరము కూడ సామెతవలెనే అర్ధసత్యమైనది: మందు దొరకిన పిమ్మట, మనిషిని గూర్చి వినవలసిన పనియే లేదని కొందఱు వైద్యులును, బిళ్ళ మ్రింగించితిమి గనుక మా బాధ్యత తీరెనని బంధువులును తలంప మొదలిడిరి. భర్త పోయిన దుఃఖముతో నిద్ర పట్టని స్త్రీకి నిద్రబిళ్ళ దొరకును. ఆమెకు రేపటి సంపాదన ఎక్కడిదని అడుగువారు దొరకరు.

మన భాష ఈ పొరపాటు చేయలేదు. దుఃఖము వచ్చినప్పుడు తెలుగువానికి గుండె చెరువగును, కడుపు తరుగుకొనిపోవును, పేగు కదలును, కాళ్ళలో సత్తువ ఉడుగును. మనస్సొకచోట, ఒడలొకచోట అను విభజన ఈ పలుకుబళ్ళలో కానరాదు. ఆసుపత్రికి వచ్చి ‘నరాల బలహీనత’ అనియు, ‘ఒళ్ళు మంటలు’ అనియు, ‘గుండెదడ’ అనియు చెప్పుకొను పల్లెటూరి మనిషిని, తన బాధ ఏమో చెప్పుట తెలియని అమాయకునిగా ఎంచి బలము సూది పొడిచి పంపుట పరిపాటి. అతడు తన బాధను తనకు తెలిసిన భాషలో యథార్థముగనే చెప్పినాడు. వినువారికి ఆ భాష రాలేదు. చరకుడు సహితము శరీరము మనస్సును, మనస్సు శరీరమును అనుసరించునని చెప్పి, చికిత్సను మూడు విధములుగా విభజించెను: మణిమంత్రాదులతో, పూజలతో జరుగు దైవవ్యపాశ్రయము, ఆహారౌషధములతో జరుగు యుక్తివ్యపాశ్రయము, మనస్సును అహితమునుండి మరల్చు సత్త్వావజయము. ఈ మూటిని వేఱువేఱు దుకాణములుగా తెఱచినది మన కాలమే.

అమెరికా వైద్యుడు జార్జి ఎంగెల్, వ్యాధిని దేహము, మనస్సు, సమాజము అను మూటి సంధియందు చూడవలెనని వాదించిన ప్రసిద్ధ వ్యాసము 1977లో ప్రకటితమాయెను. అదే ఏడు నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములందు ప్రభుత్వపు లెక్కకే దాదాపు 10,000 మంది మరణించిరి. బ్రతికినవారికి బియ్యము వచ్చెను, బట్టలు వచ్చెను, పిదప ఇండ్లును వచ్చెను. కాని రాత్రి గాలి వీచినపుడెల్ల లేచి కూర్చుండు మనిషికి ఏమి జరుగుచున్నదో చెప్పు పేరైనను అప్పటికి వైద్యగ్రంథములలో స్థిరపడలేదు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణమున ఆ రుగ్మతకు చోటు దొరకినది 1980లో. మన దేశమున విపత్తుల పిమ్మట మనోవైద్యులు క్రమముగ పనిచేయుట 1984 నాటి భోపాలు విషవాయువు తరువాతనే మొదలాయెను. దివిసీమవారు ఆ అనుభవమును ఎవరికిని అప్పగింపలేక తమలోనే దాచుకొనిరి.

పుదుచ్చేరికి ఆ వంతు 2004 డిసెంబరు 26న వచ్చెను. ఆ ఆదివారము ఉదయమున వచ్చిన సునామీలో ఈ కేంద్రపాలిత ప్రాంతమున సుమారు 600 మంది చనిపోయిరి. వారిలో అత్యధికులు కారైకాలువారు. పట్టణమును ఫ్రెంచివారి నాటి రాతికట్ట కాపాడెను. కట్ట లేని జాలరిపల్లెలు దెబ్బతినెను. నల్లవాడు గ్రామమున మాత్రము, సింగపూరులో ఉన్న ఆ ఊరి యువకుడొకడు టెలిఫోనులో హెచ్చరింపగా, ఎం.ఎస్. స్వామినాథన్ సంస్థవారి సమాచార కేంద్రపు మైకులో ఆ మాట చాటి జనులను ఒడ్డునుండి తరలించిరి. ప్రాణములు దక్కినవి. అయినను ప్రాణము దక్కుటతోనే మనిషి మరల మనిషి కాడు.

ఆ నెలలలో ఒడ్డున కనబడినదేమి? తరతరములుగా ‘కడలమ్మ’ అని కొలిచిన సముద్రమును చూడలేక వీపు త్రిప్పుకొనువారు. చేపలు పట్టుటకు పడవ లేనివారు, పడవ ఉన్నను ఎక్కుటకు గుండె లేనివారు. దేహము దొరకక, చావును నమ్మలేక, కర్మ చేయనా మాననా అని తెలియనివారు. ఇందు ఏది మనోవైద్యుని పని, ఏది ఇంజనీరు పని, ఏది పురోహితుని పని? పడవ ఇచ్చుట ఉపాధి శాఖవారి పద్దు కావచ్చును; కాని పడవ ఎక్కి, తోటివారితో కూడి, మొదటిసారి కెరటము దాటి తిరిగివచ్చిన జాలరికి అది వైద్యమే. దేహము దొరకనివానికి దర్భలతో బొమ్మ జేసి దహనము జేయు విధి మన ధర్మశాస్త్రములలో నున్నది. పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇటీవల ‘అంతు తెలియని వియోగము’ అని గుర్తించిన బాధను మన పూర్వులు ఎన్నడో గుర్తించి, దుఃఖమునకొక తేదీ, ఒక అగ్ని, ఒక పదుగురు మనుషుల తోడు కల్పించిరి. దీనిని మూఢాచారమని తోసివేయువాడు ఆ గడపలో ఒక్కరాత్రి కూర్చుండలేదని నేను తలంతును. వైత్తికుప్పము ఒడ్డున మాసి మఖమునాడు ఊరూరి దేవతలను సముద్ర స్నానమునకు తెచ్చు ఉత్సవము ఏటేట జరుగును. భయపెట్టిన నీటి యొడ్డునకే ఊరంతయు కలసి వచ్చుటలోని బలము ఏ మాత్రలోను లేదు.

ఇట్టి మాటలు కేవలము భావావేశమని తలపరాదు. చెన్నైలో 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన ‘స్నేహ’ సంస్థ, సునామీలో ఆప్తులను కోల్పోయినవారి యొద్దకు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులను పంపి, వారి మాట ఓపికగా వినుట చేతనే కుంగుదల తగ్గుటను గమనించి ప్రకటించినది. మతిభ్రమణపు తీవ్రవ్యాధియైన స్కిజోఫ్రేనియా విషయమున సతారా, గోవా, కాంచీపురములందు 282 మందితో జరిపిన పరిశోధన 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. ఆసుపత్రి చికిత్సకు తోడు, చదువుకొన్న స్థానిక కార్యకర్త ఇంటికి వచ్చి మందు, తిండి, పని, పలకరింపులను కనిపెట్టుకొనిన చోట, ఆసుపత్రి చికిత్స ఒక్కటే లభించినవారికంటె రోగులు కొంత మేలుగా నుండిరని తేలెను. ‘కొంత’ అను ముక్కను నేను కావలెననియే వ్రాయుచున్నాను. అద్భుతములను వాగ్దానము చేయువారు మనకు చాలినంతమంది ఉన్నారు.

వారిని గూర్చియే హెచ్చరిక. సంపూర్ణ చికిత్స యనగా మందు మానుట కాదు. 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లాలో దర్గా గల ఎర్వాడియందు, గొలుసులతో కట్టబడిన 28 మంది మనోరోగులు పాక అంటుకొని కదలలేక మరణించిరి. విశ్వాసము ఒక్కటియే మిగిలి వైద్యము లోపించినచోట జరిగిన ఘోరమది. తరువాత అక్కడి దర్గాలోనే ప్రార్థనతో పాటు మందును ఇచ్చు ‘దవా–దువా’ ఏర్పాటు వచ్చెను. ఇంత ఆలస్యముగ వచ్చెనని శోకింపవలెనే గాని, ఆ మార్గము సరియైనదే. అట్లే యోగాభ్యాసము: ప్రాణాయామము కుదుటపరచువారు ఉన్నట్లే, కన్నులు మూసికొనినంతనే గతించిన భయము ఎదుట నిలిచి వణకువారును ఉన్నారు. ఎవరికేది తగునో చూడని గురువు, పెట్టె తెఱచి అందఱకు ఒకే మాత్ర ఇచ్చు వైద్యునికంటె భిన్నుడు కాడు.

పుదుచ్చేరికి ఈ చర్చ పుస్తకముల ముచ్చట కాదు. జాతీయ నేర నమోదు సంస్థ 2015 లెక్కలలో, లక్ష జనాభాకు 43.2 చొప్పున ఆత్మహత్యల రేటులో దేశమున మొదటి స్థానము దీనిదే. దేశపు సగటు 10.6. జనసంఖ్య 2011 గణనలో పన్నెండున్నర లక్షలకు లోపే గనుక కొద్ది మరణములకే రేటు పెరుగునని ఒక సమాధానము వినబడును. ఆ కొద్ది మరణములలో ఒకటి తన వీధిలో జరిగిన ఇంటికి ఆ గణితము ఊరట కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలెనని శాసించి, చికిత్సను హక్కుగా చేసెను. 2022 అక్టోబరు 10 నుండి 14416 అను టెలిమానస్ సంఖ్యకు తెలుగులోను, తమిళములోను మాటాడవచ్చును. పుదుచ్చేరిలో ‘మైత్రేయి’ అను స్వచ్ఛంద సంస్థ వినుటకు కూర్చున్నది. చట్టము కలదు, టెలిఫోను కలదు, ఆసుపత్రి కలదు.

లేనిది ఒక మనిషి. ఈ మూలకుళము చేరియున్న ఉళవర్కరై పురపాలక పరిధిలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును, రోగి ఇల్లు ఎఱిగి, జిప్మరు చీటీ చదువగలిగి, అతడు ఏ కోవెలకు పోవునో, ఏ భాషలో కలలు కనునో, ఇంట బియ్యము ఎన్నాళ్ళకు వచ్చునో తెలిసిన ఒక కార్యకర్త కావలయును. బళ్ళారిలో 1985 ప్రాంతమున జాతీయ మానసిక ఆరోగ్య సంస్థయైన నిమ్‌హాన్స్‌వారు జిల్లా మానసిక ఆరోగ్య పథకమును మొదలుపెట్టినప్పుడే, సామాన్య వైద్యుడును, గ్రామ కార్యకర్తయు ఈ పని నేర్వగలరని రుజువు చేసిరి. రెడ్డియార్‌పాళయపు వీధులలో తమిళము వెలుపల, తెలుగు లోపల మాటాడు ఇండ్లు ఇప్పటికిని ఉన్నవి. యానామునుండి వచ్చి ఇచ్చట కొలువు చేయు కుటుంబములు ఉన్నవి. ఆ ఇంటి ముసలమ్మ ‘నాకు బెంగగా ఉన్నదయ్యా’ అన్నప్పుడు, ఆ మాటకు తమిళములో సరియైన మాట వెదకుచు కాలము పుచ్చక, ‘ఎవరి మీదమ్మా?’ అని తెలుగులోనే అడుగువాడు ఆ కార్యకర్త కావలెను. ఆ ప్రశ్న పడినంతనే ఆమె చెప్పుట మొదలుపెట్టును. అందు సగము మందుల చీటీలో వ్రాయవలసినదియు, సగము వ్రాయనక్కఱలేనిదియు ఉండును. రెండును వినుటకు అతనికి తీరిక ఉండునట్లు జీతము, ఉద్యోగభద్రత ఏర్పరచుట ప్రభుత్వపు పని.